రెండు దిక్కుల నడిచే ఎద్దు

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు నాగర్‌కర్నూల్‌లో చిన్న సభ పెట్టారు. తోటివాళ్లు నాలుగు మాటలు చెప్పమంటే నేను ఎద్దు కథ చెప్పాను. అందరూ నవ్వారు. చివర చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న మా పాత పేష్కార్ సాబ్ మాత్రం కొట్టలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నా వైపే చూస్తూ ఉన్నారు. వయసు మీద పడింది, సగం వినపడి ఉండదులే అనుకున్నాను.

మొన్న ఎండాకాలంలో ఆయన పోయారు. ఆ కచేరీలో పనిచేసినవాళ్లలో ఇక నేనొక్కణ్నే మిగిలాను. సభలో నేను చెప్పిన కథలో ఒక తప్పు ఉంది. అది తప్పని తెలిసిన రెండో మనిషి ఇప్పుడు లేడు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు పనికొస్తుందని ఆ కథను మళ్లీ, ఈసారి జరిగింది జరిగినట్టు, రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. దేశాల మధ్య యుద్ధం నడుస్తున్న రోజులు. గద్వాల దిక్కున, తుంగభద్ర ఒడ్డుకు ఒక పూట నడక దూరంలో ఉన్న ఒక చిన్న కస్బాలో నా మొదటి ఉద్యోగం. ఊరి పేరు రాయను. తప్పు ఊరిది కాదు, నాది. తహసీలు కచేరీలో నేను గుమాస్తాను, ఇంకా ఖాయం కాలేదు. కచేరీ రాతకోతలన్నీ ఉర్దూలో జరిగేవి. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని తహసీల్దారు గారు ఒకసారి అన్నారు. ఆ ఒక్క మాటతో నేను చాలా రోజులు బతికాను.

పేష్కార్ సాబ్ అంటే తహసీల్దారు పక్కన కూర్చుని కేసుల మిసిళ్లు చదివి వినిపించే ఉద్యోగి. నలభై దాటిన మనిషి. ఆయన రాత కోడి కెలికినట్టుండేది. కాని ఏదీ చూడకుండా రాసేవారు కాదు. ఒకసారి ఏదో జప్తు జాబితాలో 'మెట్లు గల బావి' అని వస్తే, మెట్లు ఎన్నో లెక్కపెట్టడానికి ఎండలో నాలుగు కోసులు నడిచి వెళ్లారు. తిరిగి వచ్చి "పదకొండు. పన్నెండోది విరిగింది" అన్నారు. మేం కుర్ర గుమాస్తాలం ఆ పన్నెండో మెట్టు మీద నెలరోజులు జోకులు వేసుకున్నాం.

కచేరీ వెనక బందెలదొడ్డి ఉండేది. చేలల్లో పడి మేసిన పశువుల్ని తోలుకొచ్చి అందులో కట్టేసేవారు. సొంతదారు వచ్చి జుర్మానా కట్టి విడిపించుకోవాలి. గడువు దాటినా ఎవరూ రాకపోతే ఆ పశువును హర్రాజు వేసేవారు. దొడ్డికి కావలి ఒక ముసలాయన. పాతికేళ్లుగా అక్కడే ఉన్నాడు. అందరం తాత అనేవాళ్లం.

హర్రాజు రిజిస్టరులో ఒక్కో పశువుకు ఒక్కో వరుస. రంగు, కొమ్ములు, పళ్లు, మచ్చలు. చివరి గడి ఎద్దులకు మాత్రమే: ఏ దిక్కు నడుచును. సేద్యం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది ఎలపటెద్దు. చిన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఎద్దు జీవితాంతం ఆ పక్కే నడుస్తుంది. రెండో పక్క కడితే అడ్డం తిరుగుతుంది, లేదా నిలబడిపోతుంది. రెండు దిక్కులా నడిచే ఎద్దు అరుదు. దానికి హర్రాజులో పోటీ ఎక్కువ.

కొనేవాళ్లు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసుకోవచ్చు. నడిపించి కాళ్లు చూసుకోవచ్చు. కాని తలుగు విప్పి కాడి కట్టి చూడటానికి వీల్లేదని కచేరీ నియమం. అందుకే ఆ పరీక్ష కచేరీయే చేసేది. తాత కచేరీ బండెద్దును తెచ్చి, అమ్మే ఎద్దుతో జత కట్టి, దొడ్డి వాకిట్లో రెండు చుట్లు తిప్పేవాడు. పక్కలు మార్చి మళ్లీ రెండు చుట్లు. మూపు తడిమి ఏ పక్కదో చెప్పేస్తామనే వాళ్లను ఆయన నమ్మేవాడు కాదు. "కాడి పెడితె అదే చెప్తది. మనకేం తొందర?" అనేవాడు.

తొందర నాకొచ్చింది. మిరుగు కార్తె, అంటే తొలకరి వానల కాలం, దగ్గర పడుతున్న రోజుల్లో దొడ్డిలో ఒక కర్రెద్దు ఉంది. గడువు దాటింది. ఇష్తిహారు, అంటే అమ్మకం ప్రకటన, ఆ సాయంత్రానికి గోడకెక్కాలి. తహసీల్దారు గారు కచేరీ బండి కట్టించుకుని ఊళ్ల తనిఖీకి వెళ్లి ఉన్నారు. పరీక్ష సంగతి తాతను అడిగితే చేతులు తిప్పాడు.

"బండి దొరతోని దౌరా పోయింది కద బిడ్డా. జత ఎద్దు యాడికెల్లి తేవాలె? బండి వచ్చినంక జూద్దం."

"అప్పటిదాక ఇష్తిహారు ఆగుతదా తాతా?"

"ఎద్దు ఆగింది. కాయితం ఆగదా?"

ఆయన మాటకు నవ్వి నేను లోపలికి వచ్చాను. రిజిస్టరులో పై వరుసలో, అంతకు ముందు అమ్మిన ఎద్దుకు 'రెండు దిక్కుల నడుచును' అని ఉంది. ఆ మాట నా దస్తూరిలో ఎంతో అందంగా ఉంది. కింద గడిలో మళ్లీ అదే రాశాను. పరీక్షించినవారు అన్నచోట తాత పేరు, ఆ రోజు తారీఖు రాసి, ఆయన వేలిముద్ర తీసుకున్నాను. ఆయనకు చదువు రాదు. ఏం రాశావని అడగలేదు. నన్ను నమ్మాడు.

హర్రాజు నాడు పది పదిహేను మంది వచ్చారు. రాజోలి దగ్గరి పల్లె నుంచి ఒక ముసలామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ముస్లిం కుటుంబం, కౌలుకు చేను చేసుకుంటారు. కొడుకు ముప్పై ఏళ్ల మనిషి, మాట తక్కువ. మాట్లాడే పనంతా తల్లిదే. వాళ్ల జతలో దాపటెద్దు ఎండాకాలం చచ్చిపోయింది. ఎలపటెద్దు ఒక్కటే మిగిలింది. మిరుగులో దున్నకపోతే పటేలు చేనును వేరేవాళ్లకిస్తానని చెప్పాడట. ఇదంతా ఆమె ఎవరో అడిగినట్టు అందరికీ చెప్పింది.

నేను వివరాలు తెలుగులో చదివి వినిపించాను. ఆమె ముందుకు వచ్చింది.

"ఆ ఆఖరి మాట ఇంకోపారి సదువు బిడ్డా."

"రెండు దిక్కుల నడుచును."

"దాపటికి గూడ నడుస్తదా?"

"రెండు దిక్కులంటే అదేగా అమ్మా."

"నువ్వు జూసినవా?"

"ఇది కచేరీ కాయితం" అన్నాను. అది జవాబు కాదు. కాని ఆమెకు సరిపోయింది. తల పైన కొంగు సర్దుకుని పాట పాడటం మొదలుపెట్టింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎద్దు ఆమెకే దక్కింది.

నాలుగో రోజు పొద్దున నేను కలం చెక్కుకుంటున్నాను. కచేరీ ముందు గొంతు వినిపించింది. ఆమె, ఆమె కొడుకు, వాళ్లతో పాటు రెండెద్దులు, కొడుకు భుజం మీద కాడి.

"గీ కాయితం రాసినాయన యాడున్నడు? జర బయటికి రమ్మనుండ్రి. కొట్టతానికి గాదు, ఎద్దును జూపెట్టతానికి."

అరుగు మీదున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె ఫిర్యాదును పేష్కార్ సాబ్ తానే విని రాసుకున్నారు. దాపటికి కడితే ఎద్దు నేల మీద పడుకుంటోంది. లేపితే మళ్లీ పడుకుంటోంది. ఎలపటికి కడితే బంగారంలా నడుస్తోంది. కాని ఎలపటికి వాళ్లకు ఇదివరకే ఒకటుంది. ఆయన నా వైపు చూడలేదు. రిజిస్టరు తెప్పించుకుని ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు.

తహసీల్దారు గారి ముందు విచారణ ఆ మధ్యాహ్నమే జరిగింది. ఆయన మొదట ఇష్తిహారు కింది షరతు చదివించారు: పాట ముగిసిన తర్వాత ఏ ఫిర్యాదూ వినబడదు.

"ఇగ ఏం చెప్తావమ్మా?" అన్నారు.

ఆమెకేం తెలుసు? పేష్కార్ సాబ్ లేచి నిలబడ్డారు. ఆయన అలా నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు.

"హుజూర్, కొనేటోళ్లు కండ్లతో చూడగలిగినదానికి ఆ షరతు. పళ్లు చూస్కోవచ్చు, కాళ్లు చూస్కోవచ్చు. చూస్కోకుంటే వాళ్ల కర్మ. కాని కాడి కట్టి చూడనియ్యం అని మనమే అంటం. ఆ ఒక్కదానికి మన కాయితం తప్ప వాళ్లకు దిక్కు లేదు. మన కాయితం నమ్మి కొన్నంక ఫిర్యాదు వినం అంటే, ఇగ కాయితం సదివి వినిపించుడెందుకు?"

తహసీల్దారు గారు కొంచెం ఆలోచించి, ఎద్దును చూద్దాం పదమన్నారు. అందరం దొడ్డి వాకిట్లోకి వెళ్లాం. కొడుకు కర్రెద్దును దాపటికి కట్టాడు. అది రెండడుగులు వేసి, తహసీల్దారు గారి వైపు ఒకసారి చూసి, ముందుకాళ్లు మడిచి నిదానంగా కూర్చుంది. దర్బారులో కూర్చున్నట్టు కూర్చుంది. కాడి పక్కకు ఒరిగి రెండో ఎద్దు మెడ వంగిపోయింది. ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు.

తహసీల్దారు గారు తాత వైపు తిరిగారు. "పరీక్షించినవారి దగ్గర నీ వేలిముద్రే ఉంది. నువ్వు కట్టి చూసినవా?"

తాత నా వైపు ఒక్కసారి చూశాడు. అన్నీ అర్థమయ్యాయి ఆయనకు. "అవు దొరా. నేనే కట్టిన. ఆనాడు మంచిగనే నడిచింది" అన్నాడు.

సభలో ఈ చోటుకు వచ్చేసరికి నేనిలా చెప్పాను: "తాత నా కోసం అబద్ధమాడుతుంటే నేను సహించలేకపోయాను. వెంటనే ముందుకు వచ్చి, హుజూర్, తప్పు నాది అన్నాను." చప్పట్లు దానికే.

అలా జరగలేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. నా ఉద్యోగం ఖాయం కావాల్సి ఉంది. తాతకు ఎలాగూ వయసైపోయింది, మహా అయితే మందలిస్తారు అనుకున్నాను. అంత స్పష్టంగా అనుకున్నాను. తహసీల్దారు గారి ముఖం గట్టిపడటం చూశాను. పాతికేళ్ల నౌకరీ ఆ ఒక్క మాట మీద పోతుందని నాకు తెలిసింది. అయినా నా నోరు లేవలేదు.

అప్పుడు పేష్కార్ సాబ్ ఎవరి వైపూ చూడకుండా, రిజిస్టరు మీదికి వంగి, మెల్లిగా అన్నారు: "హుజూర్, పరీక్ష తారీఖు చూడండి. ఆ దినం కచేరీ బండి తమతోని దౌరాల ఉండె. జత ఎద్దు లేకుండ తాత కాడి ఎట్ల కట్టిండు?"

ఇక దాక్కోవడానికి చోటు లేదు. అప్పుడు చెప్పాను. చూడకుండా రాశానని, పై వరుస చూసి కింద దించానని, తాతకు ఏమీ తెలియదని. నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి చెప్పమన్నారు. రెండోసారి చెప్పాను.

తహసీల్దారు గారు నన్ను తిట్టిన తిట్లు రాయను. అన్నీ న్యాయమైనవే. తాతను కూడా ఒకటి అన్నారు. "అబద్ధం చెప్పి వీణ్ని కాపాడుతవా?"

"పొరగాడు దొరా. నౌకరీ కొత్త. నాది అయిపాయె."

హుకుం చెప్పారు. అమ్మకం రద్దు. ఎద్దును దొడ్డి వెనక్కి తీసుకోవాలి, ఆమె కట్టిన డబ్బు ఆమెకిచ్చేయాలి. అందరికీ సరిగ్గానే తోచింది. ఆమెకు తప్ప.

"పైసలు ఇస్తె నేనేం జేసుకోవాలె దొరా? పైసలు చేను దున్నుతయా? మిరుగు వారం దినాలుంది. గిప్పుడు యే సంతల దొరుకుతది దాపటెద్దు?"

"అయితే ఏం కావాలమ్మా నీకు?"

ఆమె నా చేతిలోని ఇష్తిహారు వైపు చూపించింది. "నాకు వేరేది ఒద్దు. గండ్ల ఏం రాసిన్రో గట్ల జేసియ్యిండ్రి. రెండు దిక్కుల నడుస్తది అని రాసిన్రు గద. నడిపియ్యిండ్రి."

తహసీల్దారు గారు పేష్కార్ సాబ్ వైపు తిరిగారు. "ఇట్లాంటిదానికి ఖాయిదా ఏమన్నా ఉందా?"

"ఇయ్యమని లేదు, ఇయ్యొద్దని లేదు హుజూర్."

తహసీల్దారు గారి మీసం కింద నవ్వు కదిలింది. నాకు ఎనిమిది రోజుల జీతం లేని సెలవు మంజూరైంది. నేను అడగలేదు. తాతను వెంటబెట్టుకుని ఆ పల్లెకు పోయి, రాసింది నిజం చేసి రావాలి. చేయలేకపోతే తిరిగి కచేరీకి రానక్కర్లేదు.

ఆ ఎనిమిది రోజులు తుంగభద్ర ఇసుకలో గడిపాను. ఎండాకాలం చివర కదా, ఏరు ఒక పక్కన సన్నగా పారుతోంది, మిగతాదంతా ఇసుక. తాత కావాలనే అక్కడికి తెచ్చాడు. పడుకున్నా ఎద్దుకు దెబ్బ తగలదని, కాళ్లు దిగబడుతుంటే మొండితనం తొందరగా తగ్గుతుందని. మొదటి నాలుగు రోజులు రెండో ఎద్దును కట్టనేలేదు. "దీని కుడి పక్క ఒకటి నడుస్తుంటదని ముందు దీనికి తెల్వాలె" అన్నాడు తాత. కాడి ఎడమ కొనకు ఎద్దును కట్టాడు. కుడి కొన నా భుజం మీద పెట్టాడు.

బట్టలు ఉతుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్లు పని మానేసి చూసేవారు.

"ఏందక్కా, మున్షీని గూడ హర్రాజుల కొన్నవా?"

"కొన్న. ఎద్దు దాపట, మున్షీ ఎలపట. ఇద్దర్ల ఎవలు ముందుగాల నేర్సుకుంటరో జూడాలె" అనేది ముసలామె.

ఎద్దు పడుకుంటే నేనూ కూర్చోవాలి. అది లేస్తే నేనూ లేవాలి. తాత దాని తోక ముట్టలేదు, కర్ర ఎత్తలేదు. పడుకున్నప్పుడల్లా దాని పక్కన కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. "అలిగింది. అలగనీ" అనేవాడు. ఆమె ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర తిని ఆ కర్రెద్దు పక్కనే పడుకునేవాణ్ని. భుజం బొబ్బలెక్కింది. అరచేతులు తాడుకు కోసుకుపోయి కలం పట్టడానికి పనికిరాకుండా పోయాయి. నా ముత్యాల దస్తూరి ఎవరికీ అవసరం లేని చోటు అది.

ఒక మధ్యాహ్నం తాతను అడిగాను, ఆ రోజు నా కోసం అబద్ధం ఎందుకు చెప్పావని. ఆయన ఇసుకలో చుట్ట ఆర్పేశాడు.

"నువ్వు చెప్తవేమో అని జూసిన. నువ్వు చెప్పకపోతివి. ఇద్దరం ఊకుంటె దొరకు కోపమొస్తదని నేను చెప్పిన."

అంతే. లేచి ఎద్దు దగ్గరికి పోయాడు.

అయిదో రోజు రెండో ఎద్దును కట్టాం. ఆరో రోజు ఒక మొద్దును కట్టి లాగించాం. ఏడో రోజు రాత్రి వాన పడింది. ఎనిమిదో రోజు తెల్లవారగానే కొడుకు ఎవరికీ చెప్పకుండా నాగలి కట్టి చేనులోకి పోయాడు. మేం వెళ్లేసరికి మూడు సాళ్లు అయ్యాయి. కర్రెద్దు దాపటన నడుస్తోంది. తల పక్కకు తిప్పి జతను ఒకసారి చూసేది, మళ్లీ ముందుకు పోయేది. గట్టు మీద ముసలామె కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేను వాళ్లకే నిలిచింది.

తిరిగి వచ్చాక పేష్కార్ సాబ్ రిజిస్టరు నా ముందు పెట్టారు. పాత వరుసను కొట్టేయనివ్వలేదు. "తప్పు కనపడాలె" అన్నారు. దాని కిందే జరిగిందంతా రాయించి, చివర రెండు మాటలు చేర్చమన్నారు: చూసి రాసినది. బొబ్బల చేతితో రాశాను. ఆ రెండు మాటలు ఆయన రాత కంటే అధ్వానంగా వచ్చాయి. తర్వాత వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, ఎక్కడ పనిచేసినా ఆ రెండు మాటలు లేకుండా ఏ జాబితా కిందా సంతకం పెట్టలేదు.

పంట కోతల తర్వాత ముసలామె కచేరీకి వచ్చింది. జొన్నకంకుల మూట తెచ్చి తాత ఒళ్లో పెట్టింది. నాకేమీ తేలేదు. నా బల్ల దగ్గర ఆగి, "ఏం మున్షీ, గిప్పుడు రెండు దిక్కుల నడుస్తుంది గద?" అంది.

"నడుస్తుందమ్మా."

"అంటె నీ కాయితంల అబద్ధం లేదు బిడ్డా. జర ముందుగాల రాసినవ్, అంతె."

నాకు చాలా సంతోషమైంది. పరుగున పోయి పేష్కార్ సాబ్‌కు చెప్పాను. ఆయన గీతలు గీస్తున్న కాయితం మీంచి తల ఎత్తలేదు. "ఆమెది పెద్ద దిల్. గా మాట ఆమె అనచ్చు. నువ్వు అనుకోవద్దు" అన్నారు.

తాత ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ముసలామె ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నేను బదిలీ అయిపోయాను.

సభ ముగిశాక పేష్కార్ సాబ్‌ను ఇంటిదాకా దిగబెట్టడానికి నేనే వెళ్లాను. మెల్లిగా నడిచారు. గుమ్మం దగ్గర ఆగి నా భుజం మీద, ఒకప్పుడు కాడి మోసిన ఆ భుజం మీద, చెయ్యి వేశారు.

"మంచిగ చెప్పినవ్ బేటా. జర ముందుగాల చెప్పినవ్, అంతె."

ముసలామె మాటను గుర్తు చేసి ఆట పట్టిస్తున్నారనుకుని నవ్వాను. ఆయనా నవ్వి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత ఎన్నోసార్లు కలిశాం. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. దిద్దుకోవడానికి నాకు గడువిచ్చారని, ఆయనను మట్టిలో పెట్టి తిరిగి నడిచి వస్తుంటే అర్థమైంది.

ఆ రోజు దొడ్డి వాకిట్లో నేను ముందుకు రాలేదు. ఆయన తారీఖు చదివిన తర్వాత నోరు విప్పాను.

చూసి రాసినది.